తెరేసమ్మ బిగించిన మెమరీ బోర్డు

గుణదల కొండ కింద మైకు సెట్టు శౌరయ్య ఇల్లెక్కడని అడిగితే చాలు, ఏ రిక్షావాడైనా తిన్నగా గుమ్మం ముందు దింపేవాడు. పెళ్ళి కానివ్వండి, పార్టీ మీటింగు కానివ్వండి, మేరీమాత తిరునాళ్ళ కానివ్వండి, బెజవాడలో మైకంటే తనదేనని ఆయన నమ్మకం. ఊళ్ళో ఇంకా చాలామంది మైకు సెట్ల వాళ్ళున్న సంగతి ఆయన దగ్గర ఎత్తితే వినపడనట్టు ఊరుకునేవాడు. మాట్లాడే మనిషి నోటి ముందున్నంతసేపు శౌరయ్య మైకు ఆగదు. కరెంటు పోతే బాటరీ, అది నీరసిస్తే ఇంకో బాటరీ. ఉపన్యాసం నడుస్తుండగా మైకు మూగబోవడమంటే ఆయన లెక్కలో పీటల మీద పెళ్ళి ఆగిపోయినంత అప్రదిష్ట. అంతమంది నాయకులకు మైకు పెట్టాడు, ఒక్కరి గొంతూ మధ్యలో ఆగనివ్వలేదు. ఆ మాట చెప్పుకోకుండా ఆయనకు పూట గడిచేది కాదు.

ఆయన పెద్దకూతురు తెరేసమ్మ ఆంప్లిఫయర్ల మధ్యనే పెరిగింది. గౌన్లు వేసుకునే వయసులోనే గాజుబుడ్డిలాంటి వాల్వు మార్చేది. పరికిణీ కట్టేనాటికి సోల్డరింగు ఐరను పట్టుకుని తెగిన తీగలు అతికించేది. ఇవన్నీ నేర్పించింది శౌరయ్యే. నేర్పించి, తీరా పిల్ల చదువు పూర్తయ్యాక, "ఇక ఆ పెట్టెల జోలికెళ్ళకు, నువ్వు నర్సువి కావాలి" అని కూర్చున్నదీ శౌరయ్యే. ఆయన చెల్లెళ్ళిద్దరూ నర్సులు. తెల్లబట్టలు, క్వార్టర్సు, పింఛను, దారిలో ఎదురైతే పెద్దవాళ్ళు సైతం చేతులెత్తి పెట్టే నమస్కారం. కూతురికి అంతకన్నా ఏం కావాలో ఆయనకు తెలియదు. పిల్లకి మాత్రం రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి. ఆ సంగతి చెబితే, "నాలుగు రోజులు చూస్తే అదే అలవాటవుద్ది" అనేవాడు.

నర్సు శిక్షణ సంగతి ఏడాదికేడాది వెనక్కి నెట్టుకుంటూ తెరేసమ్మ టైపు పరీక్ష ప్యాసై, గవర్నరుపేటలో బియ్యం మిల్లర్ల సంఘం ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఆమె చేరిన కొత్తలోనే, డెబ్భై ఎనిమిదిలో అనుకుంటాను, సంఘం వాళ్ళు కంప్యూటరు కొన్నారు. కొనాలన్న పట్టుదల ప్రెసిడెంటు నాగభూషణంగారిది. చల్లపల్లి వైపు పెద్ద మిల్లులున్న మనిషి. మద్రాసులో ఎవరి ఆఫీసులోనో చూసి వచ్చి, అది మన దగ్గర లేకపోతే తల ఎత్తుకోలేనని బెంగపెట్టుకున్నాడు.

ఆ కంప్యూటరు ఇప్పటివాటిలా ఒళ్ళో పెట్టుకునేది కాదు. రెండు ఇనుప బీరువాలు పక్కపక్కన నిలబెట్టినంత ఉండేది. దానికోసం మేడమీద ఒక గదికి ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. బెజవాడ ఎండల్లో ఆ గది దేవలోకమే. పనున్నా లేకపోయినా గుమస్తాలందరికీ ఆ గదిలో ఏదో ఒకటి గుర్తొచ్చేది. అంకెలు ఎక్కించడానికి తెరేసమ్మనీ, ఛాయాదేవి అనే ఇంకో టైపిస్టునీ అక్కడికి మార్చారు.

మొదటి నెలలోనే మిషన్ ఒకసారి కదలక మెదలక నిలబడిపోయింది. ఆంప్లిఫయరు గురగురమంటే వాళ్ళ నాన్న ఏం చేస్తాడో తెరేసమ్మకి తెలుసు. అరచెయ్యి చాచి, బీరువా పక్కన ఒక్కటి ఇచ్చింది. సరిగ్గా అప్పుడే దాన్ని చూడ్డానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు వెంకటసుబ్బారావు గుమ్మంలో అడుగుపెట్టాడు.

"అమ్మా అమ్మా అమ్మా! అది గేదె కాదమ్మా!" అని ఆయన పెట్టిన కేకకి కింద గుమస్తాలు కూడా లేచి నిలబడ్డారు.

తెరేసమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆయన తిట్టలేదు. బీరువా తలుపు తాళం తీసి, "నువ్వు కొట్టింది దేన్నో ఒకసారి చూడు" అన్నాడు. లోపల పచ్చటి బోర్డులు, పుస్తకాల అరలో పుస్తకాల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో బోర్డు మీదా నల్లటి చిప్పులు, వాటి మధ్య వెంట్రుకంత సన్నటి గీతలు. పైన చిన్న ఫ్యాన్లు తిరుగుతూ లోపలి వేడిని బీరువా కప్పులోని చిల్లుల గుండా బయటికి తోస్తున్నాయి. తెరేసమ్మ ఇంకా దగ్గరికి వంగింది. ఇంతకాలం వాల్వులు చూసి ఇదే లోకం అనుకున్నాను కదా అనిపించింది. ఆయన కరెంటు ఆపి ఒక బోర్డు ఊడదీసి మళ్ళీ పెడుతుంటే, రెప్ప వెయ్యడం కూడా మరిచిపోయి చూసింది.

"నేర్పిస్తారాండీ?" అని అడిగేసింది. అడిగాక గాని తను అడిగినట్టు ఆమెకే తెలియలేదు.

వెంకటసుబ్బారావు నవ్వి, మరుసటిసారి వచ్చినప్పుడు పాడైపోయిన బోర్డొకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన వచ్చినప్పుడల్లా పాఠమే. ముందు కరెంటు ఆపాలి. తర్వాత బీరువా ఇనపచట్రాన్ని చేత్తో తాకాలి, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ అందులోకి పోతుంది. బోర్డుని అంచులు పట్టుకునే ఎత్తాలి. కింద బంగారు పూతతో మెరిసే పళ్ళుంటాయి, వాటిమీద వేలు పడకూడదు. రెండు పక్కలా ఉన్న గాడుల్లోకి తిన్నగా దించి, రెండు బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కాలి. తెరేసమ్మ మొదటిసారి ఒకవైపే నొక్కింది. రెండోసారి, వాల్వులకి చేసే అలవాటు కొద్దీ, పళ్ళమీద నోటితో ఉఫ్ అని ఊదింది.

"ఎంగిలి చేశావు కదమ్మా! తడి తగిలితే ఆ పళ్ళు పుచ్చిపోతాయి" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. పెన్సిలు రబ్బరుతో ఆ పళ్ళని మెల్లగా ఎలా రుద్ది తుడవాలో అప్పుడు చూపించాడు. బోర్డు మూలన బియ్యపుగింజలంత స్విచ్చులుంటాయి. ఈ బోర్డు ఏ నంబరు నుంచి మొదలవుతుందో మిషన్‌కి చెప్పేవి అవే. "వీధిలో ఇంటి నంబరు లాంటిది. రెండిళ్ళకి ఒకే నంబరు వేస్తే పోస్టుమాను ఏం చేస్తాడు?" అన్నాడు వెంకటసుబ్బారావు. ఆ మాట తెరేసమ్మకి ఇట్టే బోధపడింది. ఆయన వెళ్ళిపోయాక కూడా పాడైన బోర్డుని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుని, చెక్కతో గాడులు చేయించి, అందులోకి దించుతూ తీస్తూ కూర్చునేది. తమ్ముళ్ళు, "అక్కకి బొమ్మలాట పట్టుకుంది" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

మరుసటేడు వేసవికి మిషన్‌కి మెమరీ చాలడం లేదని తేలింది. మిల్లులన్నిటి లెక్కా ఒకేసారి ఎక్కదు. సగం చేసి ఆపి, మిగతా సగం మళ్ళీ మొదలుపెట్టాలి. నాగభూషణంగారికి ఇది నచ్చలేదు. కొత్త మెమరీ బోర్డు తెప్పించి, అన్ని మిల్లుల లెక్కా ఒక్క ఊపులో అచ్చొత్తించి చూపిస్తానని, ఈస్టరు తర్వాత ఆదివారం నాడు సభ అని మిల్లర్లందరికీ కార్డులు పంచేశాడు. బోర్డు రైలు పార్సిలులో దిగింది. వెంకటసుబ్బారావు దిగలేదు. ఆయనకి కామెర్లు వచ్చాయి.

నాగభూషణంగారు ఫోను ముందు తల పట్టుకుని కూర్చుంటే, తెరేసమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నేను పెడతానండి" అంది.

ఆయన ఆమెని ఎగాదిగా చూసి, మద్రాసుకి ట్రంకు కాలు వేయించి, మంచం మీదున్న మనిషిని లేపించి అడిగాడు. అటునుంచి నీరసంగా ఒకటే మాట వచ్చింది: "నా చేతులకన్నా ఆ అమ్మాయి చేతులే నెమ్మదండీ."

"సరే. పనిచేస్తే ఆ గది నీది, ఇకమీదట దాని మంచిచెడ్డలు నువ్వే చూసుకుందువుగాని" అన్నాడు నాగభూషణంగారు. "చెయ్యకపోతే కిందకొచ్చి టైపు మిషన్ దగ్గర కూర్చో."

ఇంట్లో ఇంకో కోర్టు. మిషనరీల ఆసుపత్రిలో సిస్టరుగారు నర్సు శిక్షణకి సీటు అట్టేపెట్టి ఉంచారు. జూన్‌లో చేరాలి, వారంలో మాట చెప్పాలి. తండ్రీ కూతుళ్ళు భోజనాల దగ్గర వాదించుకుని వాదించుకుని, చివరికి శౌరయ్యే తెగ్గొట్టాడు.

"ఆ బోర్డేదో పెట్టుకో. పంజేసిందా, నీ ఇష్టం, నేను నోరెత్తను. చెయ్యలేదా, జూన్లో గమ్మున వెళ్ళి చేరాల. సరేనా?"

"సరే నాన్నా" అంది తెరేసమ్మ.

శనివారం ఆఫీసు ఖాళీ అయ్యాక, ఛాయాదేవిని టార్చిలైటు పట్టుకోమని పని మొదలుపెట్టింది. కరెంటు ఆపింది. చట్రాన్ని తాకింది. గాజులు తీసి ఛాయాదేవి చేతికిచ్చింది. చిన్న స్విచ్చులు పుల్లతో జరిపి, సరిగా ఉన్నాయో లేవో పైకి చదివి, ఛాయాదేవి చేత కూడా చదివించింది. ఒంటిమీద సిలువ గుర్తు వేసుకుని, బోర్డుని గాడుల్లోకి దించింది. రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కింది. కదల్లేదు. మరికాస్త నొక్కింది. టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడు ఎంత బాగుందంటే, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాలనిపించిందట ఆమెకి.

కరెంటు ఇచ్చి పరీక్ష నడిపింది. మిషన్ కొత్త బోర్డులోని ప్రతి గదిలోకీ ఏదో రాసి, మళ్ళీ చదివి చూసుకునే పరీక్ష అది. చాలాసేపు పడుతుంది. ఇద్దరూ నేలమీద చతికిలబడి, తెరవంకే చూస్తూ కూర్చున్నారు. చివరికి తప్పులేమీ లేవనీ, మెమరీ రెట్టింపయిందనీ తెరమీద పడింది. తెరేసమ్మ "ఉందే! రెండింతలుందే!" అని అరుస్తూ ఛాయాదేవిని పట్టుకుని ఆ చల్లటి గదిలో గిరగిరా తిప్పేసింది. ఇద్దరూ మెట్లన్నీ పరుగున దిగి, ఎదురుగా ఉన్న బడ్డీలో గోలీసోడాలు కొట్టించుకుని తాగారు.

ఇక ఆదివారం సంగతి. మైకు ఎవరిదో వేరే చెప్పాలా? శౌరయ్య పొద్దున్నే వచ్చి, హాల్లో రెండు లౌడు స్పీకర్లు కట్టి, కంప్యూటరు గదిలోనే మైకు నిలబెట్టాడు. ప్రెసిడెంటుగారికి చెమట పట్టకుండా తన స్టాండు ఫ్యాను కూడా తెచ్చాడు. మిల్లర్లు తెల్లటి పంచెల్లో దిగారు. హాల్లో కుర్చీలు వేసినా ఎవరూ కూర్చోలేదు. ఎండకి తాళలేక అందరూ చల్లటి గదిలోకే తోసుకొచ్చారు. తలుపు మూసే వీలే లేకపోయింది.

మనవాళ్ళకి ఒక జబ్బుంది. ఏది గొప్పగా కనిపించినా శాలువా కప్పాలి. కవి అయితే కవికి, కోడిపుంజు అయితే కోడిపుంజుకి. నాగభూషణంగారు ముందే ఒక దర్జీని పంపించి కంప్యూటరు కొలతలు తీయించాడు! మంగళగిరి నేతగాళ్ళతో ఆ కొలతకి జరీ అంచు శాలువా నేయించాడు. కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, నలుగురు పట్టుకుంటే గాని లేవని ఆ శాలువాని తన చేతులమీదుగా మిషన్ నెత్తిన కప్పాడు. పైనుంచి కిందదాకా నిండుగా వచ్చింది. గదంతా చప్పట్లు. తెరేసమ్మ కూడా చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. తను నిన్న బోర్డు పెట్టిన మిషన్ పెళ్ళికూతురిలా ఉందని మురిసిపోయింది.

నాగభూషణంగారు సైగ చేశాడు, తెరేసమ్మ మీట నొక్కింది. ప్రింటరు గరగరమని మొదలైంది. మిల్లు తర్వాత మిల్లు, పేర్లతో సహా కాగితం మీద దిగుతుంటే, జనం ఒకరి భుజాల మీంచి ఒకరు వంగి చూశారు. "అదుగో మనదే!" అని ఎవరో కేకేశారు. ప్రెసిడెంటుగారు మైకు అందుకుని, డెల్టా రైతు చెమట గురించీ, రాబోయే కాలం గురించీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆయన మాట వింటూ తెరేసమ్మ ప్రింటరుని చూసి చూసి నవ్వుకుంటోంది.

ప్రింటరు ఆగిపోయింది.

మిల్లుల జాబితా సగం కూడా కాలేదు. తెర నల్లబడింది. బీరువా ముందు ఒక ఎర్రలైటు వెలిగింది. తెరేసమ్మ ఒక్క అంగలో బీరువా ముందుకొచ్చింది. నా బోర్డే అనుకుంది. ఒకవైపు సరిగా కూర్చోలేదేమో. స్విచ్చు ఏదైనా తప్పు జరిపానేమో. జూన్ నెల కళ్ళముందు కనపడింది, తెల్లబట్టలతో సహా. గది మూల ఆంప్లిఫయరు దగ్గర నాన్న తననే చూస్తున్నాడని తల తిప్పకుండానే ఆమెకి తెలిసింది.

శాలువా అంచు ఎత్తి బీరువా తలుపు తీసి చెయ్యి లోపల పెట్టింది. వెంటనే లాక్కుంది. పొయ్యిమీద పెనంలా కాలుతోంది. బోర్డు మాత్రం నిన్న కూర్చోబెట్టినచోటే గట్టిగా కూర్చుని ఉంది. ఇంత వేడి ఎందుకున్నట్టు? ఫ్యాన్లు ఉన్నాయి కదా, వేడిని పైకి తోసే ఫ్యాన్లు. తోస్తే ఎక్కడికి పోవాలి? తలెత్తి చూసింది. పైన చిల్లులన్నీ మూసేస్తూ మంగళగిరి జరీ నేత దళసరిగా పరుచుకుని ఉంది. తను చప్పట్లు కొట్టి మరీ కప్పించుకుంది!

ప్రెసిడెంటుగారు స్వయంగా కప్పిన శాలువా. అందరి ముందూ తియ్యడమంటే ఆయన మొహం మీద కొట్టినట్టే. తెరేసమ్మకి ఆ ఆలోచన వచ్చింది, కానీ అప్పటికే ఆమె రెండు చేతులూ శాలువాని పట్టి లాగేశాయి. దండతో సహా అది జారి నేలమీద కుప్పగా పడింది.

"ఏంటమ్మాయ్ అది?" నాగభూషణంగారి గొంతు రెండు స్పీకర్లలోంచీ ఉరిమింది.

"దానికి ఊపిరాడట్లేదండి!" ఆమె గొంతు కూడా పెద్దదే అయింది. "మీ మిల్లులో మోటారు తిరుగుతుండగా గోనెపట్టాలు కప్పితే ఊరుకుంటారాండీ మీరు?"

మోటారు మాట వినగానే ఆయన మైకుని కాస్త పక్కకి జరిపాడు. మోటార్లు కాలితే ఏమవుతుందో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. కానీ ఎదురుగా వందమంది. ఉపన్యాసం ఆపితే ఎలా? మైకు మళ్ళీ దగ్గరికి లాక్కుని, "కనుక సోదరులారా..." అంటూ అందుకున్నాడు.

శాలువా తీసినంత మాత్రాన చాలలేదు. గది తలుపు బార్లా ఉంది, జనం ఊపిరితో గదే ఉడికిపోతోంది. ఎర్రలైటు ఆరడం లేదు. "గాలి కావాలి, ఎలాగైనా గాలి" అంది తెరేసమ్మ, ఎవరితోనో తెలియకుండానే.

శౌరయ్య లేచాడు. ప్రెసిడెంటుగారి వైపు తిరిగి ఉన్న స్టాండు ఫ్యానుని ఎత్తి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ మిషన్ దగ్గరికి తెచ్చాడు. ఫ్యాను వైరు పాత ప్లగ్గుదాకా అందలేదు. మిషన్ పక్కన గోడకి ఒకటే ప్లగ్గుంది. అందులో మైకు ఉంది. బాటరీ కింద రిక్షాలో ఉంది.

ఆయన ఒక్క క్షణం ఆ ప్లగ్గు వంక చూశాడు. తెరేసమ్మ ఆయన వంక చూసింది. శౌరయ్య వంగి, మైకు ప్లగ్గు పీకి, ఫ్యాను ప్లగ్గు పెట్టాడు.

"రాబోయే కాలంలో మన..." దగ్గర స్పీకర్లు రెండూ మూగబోయాయి. నాగభూషణంగారి పెదవులు కాసేపు వాటంతటవే కదిలాయి. మైకుని తట్టాడు, ఊదాడు, చుట్టూ చూశాడు.

"ఎవడయ్యా మైకు తీసింది?"

"నేనేనండి" అన్నాడు శౌరయ్య, ఫ్యాను తలని మిషన్ కప్పుకి ఎదురుగా సర్దుతూ. "మా అమ్మాయి మిషనుకి గాలాడాలండి. తవరు కాసేపు ఆగండి."

నాగభూషణంగారు ఫ్యాను వంక, నేలమీది శాలువా వంక, ఎర్రలైటు వంక చూశాడు. పంచె ఎగదోపుకున్నాడు. తర్వాత తన సొంత గొంతుతో, స్పీకర్లు ఏమాత్రం అక్కర్లేని గొంతుతో, "బయటికి నడవండయ్యా అందరూ! హాల్లోకి! తలుపు ముయ్యండి! ఇదేమన్నా తిరునాళ్ళా?" అని కేకలేస్తూ మిల్లర్లని స్వయంగా తోలుకుపోయాడు.

గదిలో తండ్రీ కూతుళ్ళు మిగిలారు. ఇద్దరూ ఎర్రలైటు వంకే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి అది ఆరిపోయింది. తెరేసమ్మ మొదటినుంచీ మళ్ళీ నడిపింది. ప్రింటరు కదిలింది. మొదటి మిల్లు, రెండో మిల్లు, ఇందాక ఆగిన మిల్లు, దాని తర్వాతది, ఆ తర్వాతది... కాగితం మడతలు మడతలుగా పడుతూనే ఉంది. ఆఖరి మిల్లు పేరు పడ్డాక ప్రింటరు దానంతటదే ఆగింది. తెరేసమ్మ ఆ కాగితాల మోపుని గుండెకి హత్తుకుని, తలుపు తోసుకుని హాల్లోకి పరుగెత్తింది. "అన్నీ వచ్చేశాయండీ! అన్నీ!" అని ఆమె అరిచిన అరుపు, మైకు లేకపోయినా వెనక వరస దాకా వినిపించిందని ఛాయాదేవి ఇప్పటికీ చెబుతుంది. ఎవరి మిల్లు కాగితం వాళ్ళు లాక్కుంటూ మిల్లర్లు ఎగబడ్డారు. నాగభూషణంగారు ఆమె తలమీద చెయ్యి వేసి, "గది తాళాలు రేపొచ్చి తీసుకో" అన్నాడు.

అందరూ వెళ్ళాక శౌరయ్య కింద కూర్చుని వైర్లు చుట్టుకుంటున్నాడు. అంత పెద్ద సభలో, ప్రెసిడెంటు మాట్లాడుతుండగా, తన చేత్తో మైకు ఆపేసిన మనిషి. రేపటికి బెజవాడలో మైకు సెట్ల వాళ్ళందరికీ ఇదే కబురు. తెరేసమ్మ పక్కన కూర్చుని రెండో వైరు అందుకుంది. "నాన్నా, నీ పేరు పోయిందేమో" అంది.

"పోతే పోయిందిలే" అన్నాడాయన, తలెత్తకుండా. కాసేపు చుట్టి, మళ్ళీ అన్నాడు: "రేపు ఆస్పత్రికెళ్ళి ఆ సిస్టరుగారితో చెప్పొస్తానమ్మాయ్."

"ఏమని?"

"మా పిల్లకి ఖాళీ లేదని."